పిట్ట ముట్టిన మాట

తారక్ బండి వెనకాల జగదీశ్ తన బండిని అడ్డంగా నిలిపి, తాళం చెవి జేబులో వేసుకుని, గల్లీ అవతల చాయ్ బండి దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. ముందు గోడ, వెనక తన బండి. మధ్యలో ఇరుక్కున్న నల్ల బండి ఇక కదలదు. పైన రెండో అంతస్తులో జిమ్. అద్దాల వెనక ఎవరివో చేతులు లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు కిందికి వినిపిస్తోంది. వాడు పైన ఉన్నాడు, దిగుతాడు. దిగి హ్యాండిల్ లాకు తీయడానికి వంగుతాడు. వంగినప్పుడు ఎడమ చంక తెరుచుకుంటుంది. జగదీశ్ ఒళ్లో గుడ్డసంచి ఉంది. సంచిలో లుంగీ ముక్కలో చుట్టిన కత్తెర ఉంది. నిన్న సాన పట్టించాడు. సాన పట్టినవాడు వేలితో పదును చూసి, ఏం మాస్టర్, గుడ్డ కోస్తవా కోడిని కోస్తవా అని అడిగాడు. డబ్బులిచ్చి కత్తెర చుట్టుకున్నాడు.

"అన్నా, ఇంకో చాయ్ పొయ్యాల్నా, స్టూలుకు కిరాయి కట్టుకుంటవా?" అంది చాయ్ బండి సంగీత. పక్కన నిలబడి తాగుతున్న హాస్టల్ పిల్లలిద్దరు నవ్వారు. పొయ్యి అన్నాడు జగదీశ్. చుక్క తొణక్కుండా గ్లాసు అందుకున్నాడు. సుద్దగీత మీద నుంచి నూలుపోగంత కూడా పక్కకు పోని చేయి అది. మైత్రీవనం వెనక గల్లీలో కటింగ్ మాస్టర్ అంటే జగదీశే. కోర్సులు నేర్చుకునే పిల్లలు ఇంటర్వ్యూ పడగానే ప్యాంటు పట్టుకుని పరిగెత్తుకొస్తారు, మాస్టర్ సాయంత్రానికి కావాలె అంటారు. మనిషిని చూస్తే కొలత పడిపోతుంది, కళ్లు ఊరుకోవు. కోర్టు వరండాలో తారక్ వీపు చూసినప్పుడూ అంతే. పోలీసులు వాడిని అటు తిప్పి నిలబెట్టారు. ఛాతీ నలభై రెండు, భుజం పద్దెనిమిదిన్నర, కుడి భుజం కొంచెం కిందికి. తమ్ముణ్ని చంపినవాడి కొలత తీసుకున్నందుకు ఆ రాత్రి తన కళ్లను తానే తిట్టుకున్నాడు. తర్వాత ఆ కొలతే పనికొచ్చింది. చేతి కుట్టు, పక్క కుట్టు కలిసే చోటు చంక కింద ఉంటుంది. అక్కడి నుంచి బెత్తెడు కిందికి. ఎనిమిది మడతల టెర్రీకాటన్‌ను ఈ కత్తెర ఒక్క పట్టున కోస్తుంది. మనిషి ఎన్ని మడతలు? పొడిచి తిప్పాలి. తిప్పి లాగాలి. వాడు ఇటు తిరిగేసరికి మొహం కనబడాలి, తన మొహం వాడికి కనబడాలి, రమేశ్ అన్నను అని ఒక్క ముక్క చెప్పాలి, అప్పుడు రెండోసారి. మూడోసారి మెడలో. ఎన్నిసార్లు ఊహించాడో, ప్రతిసారీ నెత్తురు ముందు చొక్కా మీద మరకలా మొదలై, గుడ్డ నీళ్లు పీల్చుకున్నట్టు అంచులకు పాకుతుంది. గుడ్డలు కోసే మనిషి కదా, మరకే కనబడుతుంది.

వీడియోలో నెత్తురుకు రంగు లేదు. రమేశ్ ఉండే ఎస్.ఆర్. నగర్ హాస్టల్ గేటు పైన ఉన్న కెమెరా అది, మొహాలు సరిగా పడలేదు, చప్పుడు అసలే లేదు. రమేశ్ పోయిన మూడో రోజు నాటికి అది అందరి ఫోన్లలోకి వచ్చింది. సిరిసిల్లలో చుట్టాలకు ముందు వచ్చింది, తనకు తర్వాత వచ్చింది. అందులో రమేశ్ మొహం పోల్చుకోలేదు, ప్యాంటు పోల్చుకున్నాడు. ఆ ప్యాంటు తానే కోశాడు. బూడిద రంగు, ముందర ఒకే మడత, పొట్టిగా కనబడకుండా కింద కొంచెం ఎక్కువ వదిలాడు. ఆ రోజే రమేశ్ మొదటి ఇంటర్వ్యూ. ఆ ప్యాంటు గేటు లోపలి నుంచి బండి తోసుకుంటూ వస్తుంది. గేటుకు అడ్డంగా నల్ల బండి ఉంది. పక్క షాపు దగ్గర తారక్ షట్టర్ ఎత్తుతున్నాడు, చేతిలో కొక్కెం ఉన్న ఇనుప కడ్డీ ఉంది. ప్యాంటు ఆగుతుంది. ఇద్దరూ ఏదో అనుకుంటారు. కడ్డీ లేస్తుంది. రమేశ్ కుడి చేయి తలమీదికి వెళ్తుంది, వేళ్లు విప్పి, ఎండకు అడ్డం పెట్టుకున్నట్టు. కడ్డీ వేళ్ల మీద పడుతుంది, వేళ్లు దిగిపోతాయి, మళ్లీ పడుతుంది. ప్యాంటు మోకాళ్ల దగ్గర మడతపడి కిందికొస్తుంది. కిందపడ్డాక కూడా కడ్డీ ఆగదు. చుట్టూ మనుషులున్నారు. టిఫిన్ ప్లేట్లు పట్టుకుని ఉన్నారు. కడ్డీ లేచినప్పుడల్లా ఒక్కో అడుగు వెనక్కి వేస్తారు. అందరూ దూరం జరగబట్టే కడ్డీకి అంత చోటు దొరికింది. ఆ ప్యాంటును పోలీసులు సంచిలో వేసి లక్క ముద్ర వేశారు.

ఆ ఇద్దరూ ఏమనుకున్నారో చెప్పింది వజ్రమ్మ. హాస్టల్ ముందు ఇడ్లీ బండి ఆమెది. "అన్నా, జర బండి తీస్తవా అన్నడు బిడ్డా. గంతే. తిట్టలే, గట్టిగ సుత అనలే. ఇది నీ అయ్య జాగానారా అన్నడు వాడు. మీ తమ్ముడు నవ్విండు. గా నవ్వుకే వానికి మండింది." నవ్వాడు. జగదీశ్‌కు అప్పుడు అర్థమైంది, వజ్రమ్మకు ఇప్పటికీ తెలియదు. రమేశ్‌కు భయం వేస్తే నవ్వొస్తుంది. ఇద్దరికీ అంతే, అది ఇంటి రోగం. మగ్గం మీద పోగులు తెంపినప్పుడు నాయిన పోగు నడిపే నాడె పట్టుకుని లేచేవాడు, అన్నదమ్ములిద్దరూ నవ్వేవాళ్లు, నవ్వినందుకు ఇంకో రెండు పడేవి. నవ్వకురా, నవ్వకురా అని అవ్వ, వాళ్ల తల్లి కాంతవ్వ, మధ్యలో అడ్డం పడి ఏడ్చేది. నాయిన పోయాడు, మగ్గం పోయింది, హైదరాబాదు వచ్చారు, నవ్వు మాత్రం వెంట వచ్చింది. నవ్వకుంటే బతికేవాడేమో. ఇంటర్వ్యూకు ముందు రాత్రి హాస్టల్ నుంచి అన్న గదికి వచ్చి, ప్యాంటు వేసుకుని అద్దం ముందు నిలబడి, అన్నా, లోపల ఏమన్న అడిగితే నాకు నవ్వొస్తదే ఎట్ల అన్నాడు. నాలుక కొరుక్కో అని జగదీశ్ చెప్పాడు. పంజాగుట్ట దవాఖానాలో స్ట్రెచర్ మీద నోరు తెరిచి ఉంది. నాలుక మీద గాటు ఉందా లేదా అని చూశాడు. తల అటువైపు అలా ఉండగా నాలుక కోసం వెతికాడు. మనిషి ఏం చూస్తాడో మనిషి చేతిలో లేదు.

పైన చప్పుడు ఆగింది. సంచిలో చేయి పెట్టాడు. మళ్లీ మొదలైంది. చేయి తీశాడు.

రేపు ఏడాది మాసికం. మల్లయ్య మేనమామ రాత్రి బస్సుకు వస్తానన్నాడు. మొన్న ఫోన్‌లో, "అల్లుడా, నలుగురిల నేనేం జెప్పాలె? పిట్ట ముట్టిన మాటాయె" అన్నాడు. చంపు అనడు, చంపొద్దూ అనడు. ఊళ్లో పెళ్లికి వెళ్తే భోజనాల దగ్గర మనుషులు జగదీశ్‌ను చూసి మాట తగ్గిస్తారు. సంబంధం తెచ్చినాయన కూడా, జర నీ పని ఒడిసినంక చూద్దాం అని పోయాడు. పని. అందరికీ తెలుసు అదేం పనో. మూడో రోజు పంజాగుట్ట శ్మశానంలో, నలభై మంది ముందు, తన నోటితో తానే అన్న మాట అది.

పోయినవాళ్ల పేరున పిట్టకు పెట్టడం అంటే ఊళ్లో ఎంతసేపు, ఇస్తారి అక్కడ పెట్టి ఇటు జరిగేలోపు కాకి వాలుతుంది. పంజాగుట్టలో కాకులేవి? పక్కనే ఫ్లైఓవర్, హారన్లు, గోడ పొడుగునా పావురాలు. మోదుగాకు ఇస్తారిలో అన్నం, కోడికూర, రమేశ్‌కు ఇష్టమని ఆమ్లెట్, థమ్సప్ సీసా. ఎండెక్కింది. పావురాలు అన్నం చుట్టూ తిరిగాయి, ముట్టలేదు. "పావురం ముడితే లెక్కకస్తదా?" అని ఎవరో అడిగారు. "హైదరాబాదుల సచ్చిండాయె, హైదరాబాదు పిట్టనే రావాలె గద" అన్నారు ఇంకెవరో. "ఏయ్, పావురం కూర ముట్టదు, ఆగుండ్రి" అన్నాడు మల్లయ్య. ఏడుపులోనే కొందరికి నవ్వొచ్చింది. అంతలో నీళ్ల ట్యాంకు మీద ఒక కాకి వచ్చి కూర్చుంది. కూర్చుంది కానీ దిగదు. దిగకపోతే పోయినవాడికి ఏదో కొరత ఉన్నట్టు. ఏం కొరతో పట్టుకుని, తీరుస్తామని మాటివ్వాలి. ఒక్కొక్కరే ఇస్తారి దగ్గరికి వచ్చారు. నీ బండి అమ్మం తమ్మీ అన్నారు. మీ అవ్వను మేం చూసుకుంటం కొడుకా అన్నాడు మల్లయ్య, ఇస్తారి పక్కనే నిలబడి, నల్ల గొడుగు నెత్తిన పెట్టుకుని. కాకి మెడ తిప్పింది, దిగలేదు. నీ కోర్సు ఫీజు కట్టినోళ్లకు మేం జవాబు చెప్తం అన్నారు. దిగలేదు. అందరూ జగదీశ్ వైపు చూశారు. మూడు రోజులుగా తిండి లేదు, నిద్ర లేదు, జేబులో ఫోన్‌లో కడ్డీ లేస్తూనే ఉంది. అరిచాడు. "వాణ్ని ఇడువ తమ్మీ. ఏడాది తిరగక ముందు వాని నెత్తురు కండ్ల చూస్త." కాకి దిగింది. ఆమ్లెట్ ముక్క నోట పట్టుకుని ట్యాంకు మీదికి ఎగిరింది. జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. ముట్టింది, ముట్టింది, పోరని కోరిక గిదే అన్నారు. మల్లయ్య వచ్చి భుజం మీద చేయి వేశాడు. ఆ చేయి ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ ఏడాదికి ఈ రోజే చివర. కేసు నడుస్తోంది. వాడికి బెయిల్ వచ్చింది. వచ్చే నెల వాయిదాకు వజ్రమ్మ సాక్ష్యం ఉంది. "నేను జెప్త, ఉన్నదున్నట్టు జెప్త, నువ్వు జర ఓర్సుకో" అని ఆమె ప్రతిసారీ అంటుంది. ఓర్చుకుంటే ఏమొస్తుంది? శిక్ష పడితే ఏళ్లు, పడకపోతే ఇదిగో ఇలాగే, వాడు పొద్దున్నే వచ్చి చేతులు పెంచుకుంటాడు, ఆ చేతులనే. అసలు నచ్చని సంగతి అది. కడ్డీ పట్టిన చేతికి వాడు ఇంకా బలం పోస్తున్నాడు. వాడు అన్నం తింటాడు, గోళ్లు కత్తిరించుకుంటాడు. ఒక్క పోటు. తర్వాత తనను పట్టుకుపోనీ, కొట్టనీ, ఉరి వెయ్యనీ. తర్వాత అవ్వ ఒక్కతే గదిలో కూర్చుని ఉంటుంది. తర్వాత గురించి ఆలోచన వచ్చినప్పుడల్లా జగదీశ్ దాన్ని తోసేసి ముందు సంగతికి వచ్చేవాడు, చంక కింద, బెత్తెడు.

ఫోన్ మోగింది. అవ్వ.

"ఏడున్నవ్ బిడ్డా?"

"గీన్నే. అమీర్‌పేటల."

"కత్తెర మొలకు లేదు."

జగదీశ్ సంచిని ఒంటికి అదుముకున్నాడు. వారం వారం సెలవుకు ఇంటికి తెచ్చి గోడకు కొట్టిన మొలకు తగిలిస్తాడు. ఉత్తి కత్తెర ఆడిస్తే ఇంట్లో కొట్లాటలైతయని అవ్వ చిన్నప్పటి నుంచీ దాన్ని ఎవరినీ ముట్టనివ్వదు. పొద్దున లేవగానే మొల వైపు చూస్తుందని తెలిసీ తీసుకొచ్చాడు.

"సాన వట్టియ్య తెచ్చిన" అన్నాడు.

"నిన్న వట్టించినవ్ గద." అవ్వ గొంతు తగ్గించింది. "జగదీశా. గా పొద్దు పిట్ట నీ మాటకు రాలే."

"మరెవల మాటకొచ్చింది?"

"నా మాటకు. పైకనలే, మనసులనుకున్న. చెప్తె పలించదంటరని ఏడాదిసంది కడుపుల వెట్టుకున్న. పెద్దోన్ని నీ ఎంబడి తీస్కపోకురా రమేశా, గీన్ని నాకు ఇడిసిపెట్టు, అన్న. గప్పుడే దిగింది పిట్ట. మీరందరు నీ మాటకనుకున్నరు. అనుకోనీ అని ఊకున్న." ముక్కు చీదింది. "వచ్చేటప్పుడు ఇస్తార్లు తే. మోదుగయే తే, గా ప్లాస్టిక్‌యి తేకు, వాడు తినడు."

పెట్టేసింది. సంగీత చాయ్ గిన్నెలో గరిటె తిప్పుతోంది. అవ్వ అబద్ధం చెప్పింది అనుకున్నాడు. భయంతో అల్లింది, ఆడవాళ్లు కొడుకుల కోసం అల్లుతారు. మళ్లీ, అవ్వకు అల్లడం రాదు, చిన్నప్పుడు నాయిన తాగి పడిపోతే జరమొచ్చింది అని చెప్పడం కూడా రాక తలుపు వేసుకునేది. అయితే నిజమే. ఇద్దరి మాటా ఒకేసారి. రమేశ్ ఏది విన్నాడు? గట్టిగా అన్నది వినడా, మనసులో అన్నది వింటాడా? బతికున్నప్పుడైతే అన్న అరిస్తే నవ్వేవాడు, అవ్వ ఊరుకుంటే లేచి పోయి పక్కన కూర్చునేవాడు. కానీ నేను అరిచాకే కదా కాకి దిగింది. నేను అరిచాను, అవ్వ అనుకుంది, కాకి దిగింది. ఎక్కడ అనుకుంది? ఎక్కడ ఉంది అవ్వ అప్పుడు? ఇస్తారికి ఎడమవైపు, మల్లయ్య గొడుగు నీడలో కూర్చుంది. కాదు. అది ముందు. కాకి దిగినప్పుడు అవ్వ అక్కడ లేదు. కాకి దిగినప్పుడు అవ్వ నేల మీద ఉంది.

వీడియోను వందలసార్లు చూశాడు. ఆ పొద్దును మాత్రం ఎప్పుడూ తిప్పి చూడలేదు, చూసినా తన గొంతు దగ్గర మొదలుపెట్టి కాకి దగ్గర ఆపేవాడు. మధ్యలో ఉన్నదాన్ని ఇప్పుడు చూశాడు. తను అరిచాడు. అరుపు వినగానే అవ్వ లేవబోయి వెనక్కి పడింది. తల బండకు తగిలింది. అయ్యో కాంతవ్వ అని ఆడవాళ్లు అటు ఉరికారు. నీళ్లు, నీళ్లు అని మగవాళ్లు ఉరికారు. మల్లయ్య గొడుగు మూసి దాంతోనే అటు పరిగెత్తాడు. పొద్దుటి నుంచి ఇస్తారి చుట్టూ మూగిన నలభై మందిలో ఒక్కడు కూడా ఇస్తారి దగ్గర లేడు. గొడుగు లేదు, కాళ్లు లేవు, ఏడుపు లేదు. కాకికి చోటు దొరికింది. ఆమ్లెట్ పట్టుకుపోయింది. కాకి కూడా ఏదో తినాలి కదా.

అంతేనా. అంతే.

జగదీశ్ స్టూలు అంచు పట్టుకున్నాడు. ఎవరి మాటకూ రాలేదు. తమ్ముడు ఏమీ అడగలేదు. ఏమీ వద్దనీ అనలేదు. కడ్డీ కింద పడ్డవాడు కడ్డీ కిందే ఆగిపోయాడు, అక్కడి నుంచి ఏ కబురూ రాలేదు. ఏడాది పాటు తమ్ముడు పెట్టిన పని అనుకుని మోసింది తన పనే. చంపితే తన ఇష్టానికి చంపాలి. చంక కింద తన చేత్తో, తన మాటతో, తన కోపానికి. అలా అనుకోగానే కోపం తగ్గుతుందేమో అని చూశాడు. తగ్గలేదు. వెనక నుంచి తోసే చేయి ఒక్కటే తీసేసినట్టయింది. కత్తెర ఇంకా పదునుగానే ఉంది. వాడు ఇంకా పైనే ఉన్నాడు. పొడవాలనే ఉంది. ఇంతకు ముందుకన్నా ఎక్కువ ఉంది, ఎందుకంటే ఇప్పుడది పూర్తిగా తనది.

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. తారక్ దిగాడు. మెడ చుట్టూ తువ్వాలు, చేతిలో హెల్మెట్. ఛాతీ నలభై మూడుంటుంది, ఒక అంగుళం పెరిగాడు. బండి దగ్గరికి వచ్చి ముందు చూశాడు, వెనక చూశాడు. జగదీశ్ లేచి గల్లీ దాటాడు. సంచిలో చేయి, చేతికి లుంగీ ముక్క ఊడి కత్తెర చల్లగా తగిలింది. వాడు వంగుతాడు. వంగాలి. వాడు వంగలేదు. తన తాళం చేతిలో పట్టుకుని, గల్లీ దాటి వస్తున్న మనిషి వైపు తిరిగాడు.

"నీదేనా? అన్నా, జర బండి తీస్తవా?"

ఇన్నిసార్లు ఊహించిన దాంట్లో వాడు ఎప్పుడూ మాట్లాడలేదు. బండికి బండి అడ్డం పెడితే మనిషి అడుగుతాడని, అడిగితే ఇదే అడుగుతాడని, ఈ ఊళ్లో ఎవరైనా ఇలాగే అడుగుతారని తోచలేదు. అన్నా. జర. కత్తెర పట్టులో బొటనవేలు దూరింది. ఇదే మాట. కడ్డీ చేతిలో ఉన్నవాడికీ, కత్తెర చేతిలో ఉన్నవాడికీ అవతలివాడు ఇదే చెప్తాడు. లోపలి నుంచి నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాడు. పళ్లు బయటపడ్డాయి, భుజాలు కదిలాయి. నాలుక కొరుక్కున్నాడు, ఉప్పగా తగిలింది, అయినా నవ్వు ఆగలేదు. అప్పుడు తెలిసింది తనకు భయమేస్తోందని. తారక్‌ను చూసి కాదు.

తారక్ ఆ నవ్వు చూశాడు. మొహం చూశాడు, మళ్లీ నవ్వు చూశాడు. వాడి మొహంలో నెత్తురు దిగిపోయింది.

"గిదే అడిగిండు మా తమ్ముడు" అన్నాడు జగదీశ్. "గీ మాటనే."

హెల్మెట్ కిందపడి దొర్లింది. తారక్ కుడి చేయి తలమీదికి వెళ్లింది, వేళ్లు విప్పి, ఎండకు అడ్డం పెట్టుకున్నట్టు. ఆ చేయి జగదీశ్‌కు తెలుసు. ఆ వేళ్లు ఎలా దిగిపోతాయో తెలుసు. తర్వాత మోకాళ్లు. తర్వాత ఏముంటుందో మొత్తం తెలుసు, ఎవరు వెనక్కి జరుగుతారో కూడా. చాయ్ బండి దగ్గర హాస్టల్ పిల్లలిద్దరు అప్పుడే గ్లాసులతో ఒక అడుగు వెనక్కి వేశారు. సంగీత మాత్రం గరిటె పట్టుకుని ఒక అడుగు ముందుకు వచ్చింది. "ఏందే అన్నా, ఏమైంది?" అంది.

జగదీశ్ సంచిలో నుంచి చేయి తీశాడు. చేతిలో ఏమీ లేదు. జేబులో నుంచి తాళం తీసి, స్టాండు తీసి, తన బండిని వెనక్కి లాగాడు. బండి కదిలేంత చోటు ఇచ్చాడు. తారక్ చేయి దించలేదు. దించమని జగదీశ్ అనలేదు. వాడు అలా ఎంతసేపు నిలబడితే అంత నిలబడనీ.

గల్లీ దాటి వచ్చి అమీర్‌పేట మెట్రో కింద బండి ఆపాడు. నోట్లో నెత్తురు ఉమ్మేశాడు. వాడు బతికే ఉన్నాడు. ఆ సంగతి అలాగే అడ్డంగా ఉంది, వచ్చే నెల కూడా ఉంటుంది, వజ్రమ్మ చెప్పినా ఉంటుంది, చెప్పకున్నా ఉంటుంది. రాత్రి మల్లయ్య దిగి, ఏమైంది అల్లుడా అని అడుగుతాడు. ఫోన్ తీశాడు.

"అవ్వా, ఇస్తార్లు ఎన్ని?"

"కత్తెరేది?"

"సంచిల ఉన్నది."

అవ్వ ఏడ్చిందో దగ్గిందో తెలియలేదు. పైన రైలు పోతోంది. "ఉత్తగ ఆడియ్యకు, సక్కగ తెచ్చి మొలకు వెయ్యి" అంది.

"వేస్త. అవ్వా, రేపు ఇస్తారి పెట్టినంక ఎవ్వరు దాని కాడ నిలబడొద్దు. మామకు సుత చెప్పు, గొడుగు తేవద్దని. ఎవ్వరు ఏం మాటియ్యద్దు. ఉత్తగ పెట్టి జర దూరం పోయి కూసుందాం."

"పిట్ట రాకపోతే?"

"ఆకలైతే వస్తది."